సార్లా వెళ్లేవారికి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఫ్రాన్సు వెళ్లే మన విశాఖ పాఠకులు ఈమధ్య ఈఫిల్ టవర్ గురించి అడగడం తగ్గించారు. పల్లెల మధ్య పాత ఊళ్ల గురించి అడుగుతున్నారు. ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ సార్లా గురించే ఉన్నాయి కాబట్టి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. ఫ్రాన్సు నైరుతి మూలన దోర్దోన్ నదికి కాస్త ఉత్తరాన, అక్రోటు తోటలూ ఓక్ అడవులూ చుట్టూ పెట్టుకున్న చిన్న ఊరు ఇది. జనాభా పదివేల లోపే. రాతలో పేరు చివర 'ట' ఉంటుంది, పలుకులో ఉండదు.

ప్రశ్న: పారిస్‌లో అయిదు రోజులు ఉంటాం. అందులో ఒకరోజు పొద్దున్నే బయల్దేరి సార్లా చూసి రాత్రికి తిరిగి రాగలమా? (సీతమ్మధార)

రాలేరండి. అరకు వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరినట్టు కాదు ఇది. దూరం చూస్తే విశాఖ నుంచి హైదరాబాద్‌కి కాస్త తక్కువ. పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి బోర్డో నగరానికి టీజీవీ అనే అతివేగపు రైల్లో రెండు గంటల పైచిలుకు పడుతుంది. బోర్డోలో దిగి టీఈఆర్ అనే ప్రాంతీయ రైలు ఎక్కితే సార్లాకి ఇంకో రెండు ముప్పావు గంటలు. నేరుగా వెళ్లే బండ్లు రోజుకు కొన్నే. మధ్యలో ఎదురుచూపులు కలుపుకుంటే పోను ఆరు గంటలు, రాను ఆరు గంటలు. ఊరు చూడటానికి మిగిలేది స్టేషన్ బెంచీ మాత్రమే.

కనీసం మూడు రాత్రులు, వీలైతే నాలుగు పెట్టుకోండి. ఆ రోజుల్లో బుధవారం గానీ శనివారం గానీ కలిసేలా చూసుకోండి, ఎందుకంటే సంత ఆ రెండు రోజులే. మంగళవారం సాయంత్రం లేదా శుక్రవారం సాయంత్రం ఊళ్లోకి చేరడం అన్నిటికన్నా మంచి పద్ధతి. ఆదివారం సాయంత్రం చేరడం అన్నిటికన్నా చెడ్డది: కిరాణా కొట్లు మూసేసి ఉంటాయి, సోమవారం కూడా చాలా దుకాణాలు తెరవవు. చిన్న ఊరంటే పారిస్‌ని కుదించి పెట్టినది కాదు. అక్కడ వారానికి ఒక లెక్క ఉంటుంది, ఆ లెక్కకు మనమే సర్దుకోవాలి.

విమానం దిగిన రోజే వెళ్లిపోవాలనుకుంటే, షార్ల్ ద గోల్ విమానాశ్రయం రెండో టెర్మినల్ కిందే టీజీవీ స్టేషన్ ఉంది. అక్కణ్ణుంచి బోర్డోకి నేరుగా కొన్ని బండ్లు నడుస్తాయి, ముందు అవి దొరుకుతాయేమో చూడండి. దొరక్కపోతే ఆర్‌ఈఆర్ అనే శివారు రైలు బీ లైనులో దాఁఫేర్ రోషెరో దాకా వెళ్లి, అక్కడ 4 లేదా 6 నంబరు మెట్రో పట్టుకుంటే మోంపర్నాస్ మూడో స్టాపు. పాస్‌పోర్ట్ క్యూలో వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకునే కొత్త పద్ధతి 2025 అక్టోబరులో మొదలైంది కాబట్టి విమానం దిగే సమయానికీ రైలుకీ మధ్య నాలుగు గంటలైనా ఉంచండి. టీజీవీ తలుపులు బయల్దేరే సమయానికి రెండు నిమిషాల ముందే మూసుకుంటాయి. మన బండిలా కదులుతుంటే ఎక్కడం కుదరదు. బోర్డోలో బండి మారడానికి ముప్పావు గంట పెట్టుకోండి. రెండు టికెట్లూ విడివిడిగా కొంటే, మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఆ భారం మీ మీదే పడవచ్చు. ఒకే బుకింగ్‌లో తీసుకోవడమే నయం.

సార్లా స్టేషన్ ఊరికి దక్షిణాన, ఎత్తు మీద ఉంటుంది. పాత ఊళ్లోకి ఇరవై నిమిషాల నడక, చాలావరకు దిగుడు. తిరుగు ప్రయాణంలో అదే ఎగుడు, చేతిలో పెట్టెలు కూడా ఉంటాయి. కాబట్టి వెళ్లే రోజుకి టాక్సీ ముందురోజే చెప్పి పెట్టుకోండి. మన ఆటోల్లా వీధి మలుపులో నిలబడి ఉండవు.

ప్రశ్న: వీసాకి ఏమేం కావాలి? మా బావగారికి ఒకసారి తిరస్కరించారు, కారణం సరిగా అర్థం కాలేదు. (గాజువాక)

ముందు ఫ్రాన్స్-వీసాస్ అనే అధికారిక వెబ్‌సైట్‌లో ఫారం నింపి ప్రింటు తీయాలి. తర్వాత వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో సమయం తీసుకుని స్వయంగా వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి. హైదరాబాద్ కేంద్రం మనకు వీలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, పదిహేను రోజుల కంటే దగ్గర పడితే తీసుకోరు. వేసవి ప్రయాణమైతే ఫిబ్రవరిలోనే సమయం పట్టుకోండి. ఏప్రిల్ వచ్చేసరికి ఖాళీలు కరిగిపోతాయి. పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 45, పైన కేంద్రం సేవా రుసుము.

పాస్‌పోర్ట్ గడువు, మీరు తిరిగి వచ్చే తేదీ తర్వాత మూడు నెలలైనా మిగిలి ఉండాలి. అది ఇచ్చి పదేళ్లు దాటకూడదు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు, ప్రయాణం మొత్తం రోజులకు వర్తించాలి. డబ్బు లెక్క ఇలా ఉంటుంది: హోటల్ బుకింగ్ చూపిస్తే మనిషికి రోజుకు 65 యూరోలు, చూపించకపోతే 120. జీతగాళ్లకు సెలవు ఉత్తరం, పదవీ విరమణ చేసినవాళ్లకు పింఛను కాగితాలు, అందరికీ మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు.

మీ బావగారి కాగితాలు చూడకుండా కారణం చెప్పలేం. సాధారణంగా దెబ్బతీసేవి మూడు. రాత్రుల లెక్కలో ఖాళీ ఒకటి: పారిస్‌లో మూడు, సార్లాలో నాలుగు అని రాసి, మధ్యలో బోర్డోలో పడుకున్న రాత్రికి బుకింగ్ చూపకపోవడం లాంటిది. దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో ఎక్కణ్ణుంచో వచ్చిపడ్డ పెద్ద మొత్తం రెండోది. దానికి కాగితం జతచేస్తే సరే, లేకపోతే అనుమానం. బీమా తేదీలు విమానం తేదీల కన్నా ఒకరోజు పొట్టిగా ఉండటం మూడోది. అక్కడ బంధువుల ఇంట్లో దిగేవాళ్లు హోటల్ కాగితానికి బదులు, ఆ ఊరి పురపాలక కార్యాలయం ముద్ర వేసి ఇచ్చే ఆతిథ్య పత్రం అసలు ప్రతి తెప్పించుకోవాలి. బంధువు రాసిన మామూలు ఉత్తరం చెల్లదు.

ప్రశ్న: ఆ ఊళ్లో ప్రత్యేకంగా చూడాల్సింది ఏముంది? ఫొటోలన్నీ ఒకేలా ఉన్నాయి, పసుపు రాతి గోడలు. (మహారాణిపేట)

ఆ గోడలనే చూడాలి, కానీ ముందు తల పైకెత్తండి. పాత ఇళ్ల కప్పుల మీద పెంకులు కాకుండా పలుచటి సున్నపురాయి పలకలు కనిపిస్తాయి. వాటిని లోజ్ అంటారు. మేకులు కొట్టి బిగించినవి కావు. చదునుగా ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం వెనక్కి జరుపుతూ పేర్చినవి, తమ బరువుతోనే నిలుస్తాయి. చదరపు మీటరుకు అర టన్ను దాకా తూగుతాయి. అందుకే కింద ఓక్ దూలాలు అంత లావు, గోడలు అంత మందం. కప్పు వాలు కూడా గొడుగు సగం ముడిచినట్టు నిటారుగా ఉంటుంది. మన బంగాళా పెంకుల ఇంటి కప్పుతో మనసులో పోల్చుకుంటూ చూస్తే తేడా తెలుస్తుంది.

ఇవన్నీ మిగలడానికి కారణం ఒక విధంగా పేదరికం. 1317లో సార్లా బిషప్ పీఠమైంది, ఫ్రాన్సుకీ ఇంగ్లండుకీ మధ్య సాగిన వందేళ్ల యుద్ధం ముగిశాక వర్తకులూ అధికారులూ మంచి మంచి ఇళ్లు కట్టారు. తర్వాతి కాలంలో ఊరు వెనకబడింది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేదు. పందొమ్మిదో శతాబ్దంలో మాత్రం పాత ఊరి మధ్యలోంచి ఒక తిన్నని వీధి కోసేశారు. పేరు ర్యూ ద లా రెపుబ్లిక్, ఊరివాళ్లు ట్రావెర్స్ అంటారు. 1962 ఆగస్టు 4న అప్పటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో పేరు మీద వచ్చిన చట్టం, ఒక్కో కట్టడాన్ని కాకుండా మొత్తం పాత పేటనే కాపాడాలంది. ఆ చట్టం కింద ముందుగా బాగుచేయించుకున్న ఊళ్లలో సార్లా ఒకటి.

నడక ఇలా పెట్టుకోండి. ముఖ్యమైన కట్టడాలు చాలావరకు ట్రావెర్స్‌కి తూర్పున ఉంటాయి. సెయింట్ సాసెర్దో కథెడ్రల్, దాని ఎదురుగా 1525లో కట్టిన లా బొయేసీ ఇల్లు చూడండి. ఫ్రెంచి వ్యాసకర్త మోన్‌తేన్ స్నేహితుడైన రచయిత ఎతియెన్ ద లా బొయేసీ 1530లో పుట్టింది ఆ ఊళ్లోనే. కిటికీల చుట్టూ చెక్కిన రాతిపని దగ్గర అయిదు నిమిషాలైనా నిలబడండి. కథెడ్రల్ వెనక్కి వెళ్తే పన్నెండో శతాబ్దపు రాతి బురుజు ఒకటి, మొనదేలిన కప్పుతో ఉంటుంది. మృతుల దీపం అంటారు దాన్ని, దేనికి కట్టారన్నది పండితులు ఇంకా తేల్చలేదు. ఊరి నడుమ సెయింట్ మేరీ చర్చి ఇప్పుడు కూరగాయలూ జున్నూ అమ్మే మార్కెట్. సార్లా ప్రాంతంలో పెరిగిన వాస్తుశిల్పి జాన్ నువెల్ దానికి ఆకాశమంత ఉక్కు తలుపులు పెట్టి, గంటగోపురంలో గాజు లిఫ్ట్ అమర్చాడు. రాతి కప్పులన్నీ ఒకేసారి చూడాలంటే ఆ లిఫ్టే ఎక్కాలి.

పడమటి పేట వాలు మీద ఉంటుంది, జనం తక్కువ. చాలామంది అటు వెళ్లరు, అదే పొరపాటు. భోజనం అయ్యాక పాత వీధుల్లో గ్యాస్ దీపాలు వెలుగుతాయి. జూన్‌లో పొద్దు గుంకేసరికి రాత్రి పావు తక్కువ పది అవుతుంది, కాబట్టి దీపాలు చూడాలంటే నిద్ర కాస్త వాయిదా వేయాలి. సంతరోజు పొద్దున్న ఎనిమిదికే వెళ్లండి. పదిన్నర దాటితే పండగ ముందు పూర్ణా మార్కెట్టే. తినుబండారాల వరస మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో సర్దేస్తారు.

ప్రశ్న: మా అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. నాలుగు రోజులు ఎలా గడుస్తుంది? (ఎంవీపీ కాలనీ)

ఇబ్బందే, అందుకే ముందు నిజం చెబుతాం. పెరిగోర్ అనే ఈ ప్రాంతం వంటలో నూనె స్థానం బాతు కొవ్వుది. సార్లా పేరు పెట్టుకున్న బంగాళాదుంప వేపుడు చూడటానికి మన దుంపల వేపుడే. వెల్లుల్లి, కొత్తిమీరలాంటి పార్‌స్లీ వేసి ఉంటుంది. వేయించింది మాత్రం బాతు కొవ్వులోనో, హంసబాతు కొవ్వులోనో. తూరఁ అనే వెల్లుల్లి సూపుకీ తరచు అదే పోపు. పెరిగోర్ సలాడ్ అని ఉంటే ఆకుల మధ్యలో బాతు కందనకాయ ముక్కలుంటాయి. 'శాకాహారం' అని చెప్తే చేప తెచ్చిపెట్టే చోట్లూ ఉన్నాయి. అందుకని మూడు మాటలూ విడివిడిగా చెప్పాలి: సాఁ వియాఁద్ (మాంసం వద్దు), సాఁ ప్వాసోఁ (చేప వద్దు), సాఁ గ్రేస్ ద కనార్ (బాతు కొవ్వు వద్దు). గుడ్డుకి సాఁ జ. కాగితం మీద రాయించి చూపిస్తే ఇంకా మంచిది. చెప్పేముందు బోన్‌జూర్ అనడం మరవకండి. అది లేకుండా నేరుగా అడిగితే అక్కడ మొరటుతనం కింద లెక్క.

జున్ను దగ్గర ఒక చిక్కు ఉంది. సంప్రదాయ ఫ్రెంచి జున్ను చాలావరకు దూడ కడుపులోంచి తీసే రెనెట్‌తో పాలు విరగ్గొట్టి చేస్తారు. ఆ ప్రాంతపు చిన్న మేకపాల జున్ను కాబెకు కూడా అలాంటిదే. అత్తయ్యగారికి ఆ పట్టింపు ఉంటే జున్ను పక్కన పెట్టేయండి.

అసలు మార్గం, వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోవడం. సూపర్‌మార్కెట్లో బాస్మతి బియ్యం దొరుకుతుంది. లాఁతీయ్ కొరాయ్ అని రాసిన పొట్లం మన మైసూరు పప్పే. కుక్కర్ లేకుండా పావుగంటలో మెత్తబడుతుంది. కప్పు పప్పుకి రెండున్నర కప్పుల నీళ్లు పోసి, పొంగకుండా మూత ఓరగా పెట్టండి. యావూర్త్ నాత్యుర్ అంటే చప్పటి పెరుగు, మన పెరుగంత పులుపు ఉండదు. సంతలో టమాటాలు, వెల్లుల్లి, మే నుంచి స్ట్రాబెర్రీలు వస్తాయి. పచ్చిమిర్చి మీద ఆశ పెట్టుకోకండి. ఇక్కణ్ణుంచి ఎండుమిర్చి, ఇంగువ, పోపు దినుసులు, కందిపొడి పట్టుకెళ్లండి. ఇంటి నుంచి అల్యూమినియం కుక్కర్ మోసుకెళ్లకండి. అక్కడి పొయ్యిలు చాలాచోట్ల ఇండక్షన్, వాటి మీద అల్యూమినియం వేడెక్కదు. మన మూడు కాళ్ల ప్లగ్గు కూడా అక్కడి సాకెట్లో పట్టదు, అడాప్టర్ కావాలి. రెండు కాళ్ల ఫోన్ ఛార్జర్ మామూలుగా పడుతుంది, వోల్టేజి మనదే.

ఆవకాయ తీసుకెళ్లవచ్చు. నెయ్యి, పన్నీరు, చికెన్ పచ్చడి వద్దు. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల మాంసం, పాల ఉత్పత్తులు ప్రయాణికులు తేకూడదు, దొరికితే తీసి పారేస్తారు. పచ్చి కరివేపాకూ అంతే, పొడి చేసి పట్టుకెళ్లండి. పచ్చడి సీసా మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి చెక్-ఇన్ పెట్టెలో వేయండి. చేతి సంచిలో నూనె పచ్చడిని ద్రవం కింద లెక్కగట్టి ఆపుతారు.

బయట తినేటప్పుడు వేళ పాటించండి: మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, రాత్రి ఏడు నుంచి తొమ్మిది. మూడింటికి ఆకలేస్తే కాఫీ తప్ప వంటగది తెరవరు. మంచినీళ్లు కొనక్కర్లేదు. యూన్ కరాఫ్ దో అంటే కుళాయి నీళ్ల కూజా, ఉచితం. బిల్లులో సేవ రుసుము కలిసే ఉంటుంది.

ప్రశ్న: కారు లేకుండా చుట్టుపక్కల కోటలు చూడగలమా? (పెందుర్తి)

కొన్ని చూడవచ్చు, తీరిగ్గా మాత్రం కాదు. బస్సులు ఎక్కువగా బడిపిల్లల వేళలకు నడుస్తాయి. బడి సెలవుల్లో వేళలు మారిపోతాయి, కొన్ని అసలు ఉండవు. బేనాక్, కాస్తెల్నో, లా రోక్ గాజాక్, దోమ్ (పేరు చూసి భయపడకండి, కొండ మీద 1281లో కట్టిన కోట ఊరు) అన్నీ సార్లాకి పది పన్నెండు కిలోమీటర్ల లోపే. నది ఒడ్డున బేనాక్, ఎదురు ఒడ్డున కాస్తెల్నో. వందేళ్ల యుద్ధంలో ఒకటి ఫ్రెంచివాళ్ల పక్షం, రెండోది చాలాకాలం ఇంగ్లిషువాళ్ల చేతిలో. ఇద్దరో ముగ్గురో ఉంటే ఒక పూటకి టాక్సీ మాట్లాడుకోవడం, లేదా మినీబస్సు యాత్రలో చేరడం నయం. పాత రైలుపట్టా మీద వేసిన సైకిల్ బాట కూడా ఉంది, చాలావరకు చదును.

కారే తీసుకుంటే, ఇక్కడే ఆర్‌టీవో దగ్గర అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. దాని గడువు ఏడాది. మన లైసెన్సు కూడా వెంట ఉండాలి. అద్దె కంపెనీ డ్రైవరు పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతుంది, దాని మీద డిపాజిట్ ఆపి ఉంచుతుంది. డెబిట్ కార్డు చూపించి కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు. ఆటోమేటిక్ గేరు కావాలంటే నెలల ముందే చెప్పాలి.

బండి కుడివైపు నడపాలి. మనవాళ్లు తప్పు చేసేది పెద్ద రోడ్డు మీద కాదు, పార్కింగ్ నుంచి బయటికొచ్చే మొదటి మలుపులో, పొద్దున్న ఖాళీ రోడ్డు మీద. రౌండబౌట్‌లో అపసవ్యంగా తిరగాలి, లోపల ఉన్న బండికి దారి ఇవ్వాలి. బోర్డేమీ లేని చిన్న కూడలిలో కుడి నుంచి వచ్చే బండికే ముందు హక్కు, అది ఇరుకు సందులోంచి వచ్చినా సరే. ఎర్ర అంచు తెల్ల పలక మీద ఊరి పేరు కనిపించిందంటే అక్కణ్ణుంచి వేగం గంటకు 50 కిలోమీటర్లు, వేరే అంకె పెట్టి ఉంటే తప్ప. అదే పేరు కొట్టేసి కనిపిస్తే ఊరు దాటినట్టు. పల్లె రోడ్ల మీద మామూలుగా 80, బోర్డు ఏమంటే అది. సంత ముందురోజు రాత్రి ఎక్కడ బండి పెట్టారో బోర్డు చదవండి. తెల్లవారితే ఆ స్థలంలో దుకాణం పడుతుంది, బండి లాగేసుకుపోతారు.

ప్రశ్న: బొర్రా గుహలు చూసినవాళ్లకి లాస్కో అవసరమా? అక్కడ చూపించేది నకలని విన్నాం. (మధురవాడ)

రెండూ సున్నపురాయి గుహలే, పోలిక అక్కడితో సరి. బొర్రాలో చూసేది నీరు చేసిన పని, లాస్కోలో మనిషి చేసిన పని. సార్లాకి పాతిక కిలోమీటర్ల దూరంలో మోంతిన్యాక్ దగ్గర 1940 సెప్టెంబరు 12న బయటపడిన ఆ ఆదిమానవుల బొమ్మల గుహని 1963లో మూసేశారు. వచ్చిన జనం ఊపిరిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్, దీపాల వెలుగు కలిసి గోడల మీద పచ్చని నాచు పెంచాయి. ఇప్పుడు చూపించేది 2016 డిసెంబరులో తెరిచిన నకలు, గోడ ఎత్తుపల్లాలతో సహా కొలిచి చేసింది. నకలని చిన్నచూపు చూడకండి. ఎద్దు భుజం దగ్గర రాయి ఉబ్బిన చోటునే గీసేవాడు ఎలా వాడుకున్నాడో అక్కడ అర్థమవుతుంది. టికెట్ మీద గంట రాసి ఉంటుంది, ఇంగ్లిషు బృందం ఎంచుకుని ముందే కొనండి. లోపల చల్లగా ఉంటుంది, శాలువా ఉంచుకోండి. అసలు రంగులే చూడాలన్న పట్టుదల ఉంటే లే జేజీ ఊరి ఫోఁ ద గోమ్ గుహలోకి ఇంకా పంపుతున్నారు. రోజుకు కొద్దిమందినే, కాబట్టి తేదీ ఖాయమైన రోజే బుక్ చేయండి.

ప్రశ్న: ఏ నెల మంచిది? నాన్నగారికి మోకాళ్ల నొప్పి. (అక్కయ్యపాలెం)

మే మూడో వారం నుంచి జూన్ నెలాఖరు, లేదంటే సెప్టెంబరు. జులై, ఆగస్టుల్లో ఊరు నిండిపోతుంది, పగలు ముప్పై డిగ్రీలు దాటే రోజులుంటాయి, పాత ఇళ్లలో ఏసీ అరుదు. నాన్నగారికి తూర్పు పేట చాలావరకు చదును, పడమటిది మెట్లు. వీధులు రాతి పరుపు, వాన పడితే జారతాయి. చెప్పులు కాకుండా రబ్బరు అడుగున్న బూట్లు వేయించండి. పాత భవనాల్లో లిఫ్ట్ ఉండదు. బుక్ చేసేటప్పుడు రె ద షోసె, అంటే నేల అంతస్తు, అని అడిగి రాయించుకోండి.

ప్రశ్న: అక్కణ్ణుంచి తెచ్చుకోదగినది? (భీమిలి)

అక్రోట్లు, అక్రోటు నూనె. పెరిగోర్ అక్రోటుకి 2002 నుంచి ప్రాంతీయ గుర్తింపు ఉంది, పొట్లం మీద ఆ ముద్ర చూసి కొనండి. నూనె చిన్న డబ్బాలోది, ఆ ఏడాది తీసినది తీసుకోండి. మన ఎండకి బయట ఉంచితే కారుకంపు కొడుతుంది, మూత తీశాక ఫ్రిజ్‌లోనే పెట్టాలి. పోపుకి పనికిరాదు, వేడికి చేదెక్కుతుంది. దోసకాయ ముక్కల మీద పచ్చిగా ఒక చెంచా చల్లి చూడండి.